వెయ్యేళ్ల ఎండుముక్క

యాభై నాలుగేళ్లకు పలక పట్టినదాన్ని. ఒత్తులు తప్పితే క్షమించండి. కూడబలుక్కుంటూ మెల్లగా రాశాను. విషయం కూడా రోతదే, దానికీ క్షమించండి.

"ఛీ! ఇది వాళ్లది కాదు," అంది దిల్షాద్ మేడం, చేతిలోని చిన్న పటకారు ఆపి.

అప్పుడు ప్రపంచకప్‌కు వచ్చేవాళ్ల కోసం దోహాలో ఒక ప్రదర్శన పెడుతున్నారు. స్వర్ణా నేనూ అక్కడ గదులు ఊడ్చేవాళ్లం. మెక్సికో గుహలో వెయ్యేళ్ల కిందట బతికిన మనుషుల చెప్పులు, బుట్టలు వచ్చాయి. వాటితోపాటు ఎండిపోయిన మలం ముక్క ఒకటి. వాళ్లు ఏం తిన్నారో అదే చెబుతుందట. దాన్ని నానబెట్టి విప్పి చూడడం ఈ హైదరాబాదు మేడం పని.

"మిరపగింజలు సరే, మిరప వాళ్ల దేశందే. మరి ఆవాలు, కరివేపాకు? ఆ గుహల పోపు పెట్టిందెవరు? అసలుది తీసి ఎవరో ఇది పెట్టిన్రు."

సూపర్‌వైజర్ ఓబులయ్య ముందుకొచ్చాడు. వారం నుంచి ఆయన మూతికి రుమాలు అడ్డం లేనిదే మాట్లాడడం లేదు. కంపు పడదట.

"ఈ స్వర్ణే చేసుంటాది మేడం! ఈ గది ఊడ్చేది ఈమే. రేపే విమానం ఎక్కిచ్చేస్తా."

స్వర్ణ చీపురు పట్టుకునే ముందుకొచ్చింది. "నేను ముట్టలే మేడం. టేబుల్ మీది సామాను ముట్టద్దని మీరే అన్నరు. ఈ ఓబులయ్య సారే 'ఛీ, ఎవడు ఈడ దొడ్డికి పోయింది' అని తీసుకపోయి కమోడ్‌ల పారేసిండు."

"అబద్ధం! ఆవాలు, కరివేపాకు తినేది నువ్వు గాదా మే?"

"మీరు తినరా సార్?"

"చుప్!" అంది మేడం. "పారేస్తే మరి ఇదెక్కడిది? సాక్ష్యం ఏమన్నా ఉందా స్వర్ణా?"

ఓబులయ్య రుమాలు చాటున నవ్వాడు.

అప్పుడే పటకారుకు గట్టిగా ఏదో తగిలింది. మేడం మొహం చిట్లించుకుని దాన్ని నీళ్లలో జాడించి, దీపం కింద పెట్టింది.

బంగారు పన్ను.

స్వర్ణ చీపురు గోడకు ఆనించింది.

"బిర్యానీల పోయిందని వారం నుంచి క్యాంపంత దేవులాడిపిస్తున్నరు గద సార్! ఆ రుమాలు తీసి, జర పెట్టుకొని చూడుండ్రి."

– గుండేటి నర్సవ్వ, అరవై రెండేళ్లు. ఇప్పుడు మెట్‌పల్లిలో ఉంటున్నాను.