నేనిక్కడే ఉంటాను

పాఠం సగమైనా కాలేదు, కంప్యూటర్ ల్యాబులో కుర్చీలు సగం ఖాళీ అయిపోయాయి.

రాజమండ్రిలో ఆన్‌లైన్ కోర్సంటే అప్పటికింకా వింతే. ఎకనామిక్స్ లెక్చరర్ హారతి వేసవి సెలవులన్నీ ధారపోసి, తన గొంతుతోనే పాఠాలు రికార్డు చేసింది. సోమవారం యూనివర్సిటీ వాళ్లు చూడ్డానికొస్తున్నారు. పిల్లలు చివరిదాకా కూర్చోకపోతే కోర్సు వేరే కాలేజీకి పోతుందని ప్రిన్సిపాల్‌గారు ముందే చెప్పేశారు.

"ఇంత కష్టపడి చేస్తే వీళ్లకేం వచ్చింది?" హారతికి ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్కమాటండి, మేడమ్‌గారూ."

గుమ్మంలో గొడుగు పట్టుకుని ఓ పెద్దాయన. మనవరాలు తబితని తీసుకెళ్లడానికి కొవ్వూరు నుంచి వచ్చారు. ఇందాకట్నుంచీ అక్కడే నిలబడి పాఠం వింటున్నారు.

"పాఠం బాగుందండి. కానీ మీరు సభలో మాట్లాడుతున్నట్టుందండి. ఇంట్లో కూర్చుని వినే పిల్ల ఒక్కర్తే కదండీ?"

"అయితే ఏం చేయమంటారు?"

"క్లాసులో అయితే మొహాలు చూసి ఆగుతారు. ఇక్కడ మొహాలు కనపడవు కదండీ. పిల్ల ఎక్కడ అలిసిపోద్దో మీరే ముందు ఊహించుకోవాలి. అక్కడ ఆపి, 'లేచి మంచినీళ్లు తాగి రండి, నేనిక్కడే ఉంటాను' అనండి. తిరిగొస్తారు."

"ఇది కంప్యూటరండి తాతగారూ. మీ కాలం బళ్లో పాఠం కాదు."

"నిజమేనండి. నాకు దాన్ని ముట్టుకోవాలన్నా భయమే." ఆయన నవ్వి, తబిత వెంట వెళ్లిపోయారు.

కూర్చోమని కుర్చీ కూడా వేయలేదు మన మేడమ్‌గారు.

కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. ఆదివారమంతా ల్యాబులోనే ఉంది. 'విద్యార్థులు గమనించగలరు' అన్నచోటల్లా 'ఇది చూడండి' అని మార్చింది. కష్టమైన లెక్క కాగానే పాఠం ఆపి, ఆయన చెప్పిన మాటే తన గొంతుతో పెట్టింది.

సోమవారం ఆ మాట వినగానే ఒకమ్మాయి నిజంగానే లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది! మళ్లీ తన కుర్చీలోనే కూర్చుంది. చివరిదాకా ఒక్కరూ పాఠం వదిలేసి పోలేదు.

"కోర్సంటే ఇలా ఉండాలండి. మిగతా కాలేజీలకీ ఇదే చూపిస్తాం," అన్నారు యూనివర్సిటీ వాళ్లు. హారతి కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ హడావిడి కాస్త తగ్గాక తబితని పిలిచింది.

"మీ తాతగారికి చెప్పాలి, ఉన్నారా?"

"పొద్దున్నే తుని వెళ్లిపోయారండి, మా పిన్నిగారింటికి. ఇక అక్కడే ఉంటారటండి."

హారతి ఇంటికొచ్చి వాళ్లమ్మ రత్నమాణిక్యాన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఆవిడ కిందటేడే రిటైరైన టీచరు. కూతురి గొంతు వింటూ మురిసిపోతోంది.

'ఇక్కడ కాస్త ఆగండి. లేచి మంచినీళ్లు తాగి రండి...'

"నేనిక్కడే ఉంటాను," అంది రత్నమాణిక్యం, కంప్యూటర్ కంటే ముందే.

హారతి తెల్లబోయింది. "నీకెలా తెలుసమ్మా?"

"ఈ మాట నీకెవరు చెప్పారే?"

"మా స్టూడెంటు తాతగారు. పేరు జ్ఞానప్రకాశం గారని ఆ పిల్లే చెప్పింది..."

రత్నమాణిక్యం చటుక్కున లేచి నిలబడింది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా వెలుగు.

"నువ్వు కడుపులో ఉండగా నాకు పోస్టులో వచ్చిన బీఏ పాఠాలన్నీ ఆయన రాసినవేనే, ప్రతి పాఠంలోనూ ఈ మాట ఉండేది! ఏనాడూ మొహం చూడకపోయినా, నన్ను టీచర్ని చేసిన మాస్టారమ్మా ఆయన!"