సోఫియా క్రెడిట్ రిపోర్టు

పాత బాకీ ఉందని బ్యాంకు ఇంటి లోను ఇవ్వనన్న రోజున నా మనవరాలు సోఫియాను కుటుంబ ప్రార్థన చేయనివ్వలేదు. "అప్పు ఎగ్గొట్టినదానివి, దేవుడి ముందు నోరెలా తెరుస్తావు?" అన్నాను.

"నానేటీ ఎగ్గొట్టలేదు మామ్మా! క్రెడిట్ బ్యూరో అని ఒకటుందంట. అందరి అప్పులూ అక్కడ రాస్తారంట. నా రిపోర్టు తెప్పించి సూస్తానుండు."

"చూడు. నీకంటే వాళ్ల లెక్కే నిజమవుతుంది."

డీడీ తీసి, గుర్తింపు కార్డు జెరాక్సు పంపితే మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఈలోపు మిగతా డబ్బు కట్టాల్సిన గడువు దాటిపోయి, ఇల్లు కట్టుకోవడానికి బలిఘట్టంలో తను అడ్వాన్సిచ్చిన స్థలం ఇంకొకరు కొనుక్కున్నారు.

రిపోర్టులో చూపిన బాకీ ఒక్కటే. వాడకుండా మూల పెట్టిన క్రెడిట్ కార్డుకు ఏడాది ఫీజు కట్టలేదట. ఆ కార్డిచ్చిన బ్యాంకుకు ఫోన్ చేసి అడిగితే, ఇంటికి మూడు ఉత్తరాలు పంపామన్నారు.

"హాస్పిటల్ డ్యూటీల గొడవలో ఎక్కడో పడేసుంటాను. నువ్వన్నదే రైటు మామ్మా," అంది సోఫియా.

ఫీజు కట్టేసి, రికార్డు సరిచేయమని ఆ బ్యాంకుకే ఉత్తరం రాసింది. టీచరుగా చేసినదాన్నని దిద్దమని నాకే ఇచ్చింది.

"నా అశ్రద్ధ వల్ల" అన్నచోట "నా" కొట్టేసి "మా మామ్మ" అని రాశాను.

"ఇదేటి మామ్మా?"

"పెళ్లికాని పిల్లకు బ్యాంకు నుంచి ఉత్తరాలొస్తే నలుగురూ ఏమనుకుంటారోనని, ఆ మూడూ విప్పకుండా పోస్టుమాన్‌కే తిప్పిచ్చేశానమ్మా," అన్నాను.