జెండాగుట్ట మీద ఏడో తువ్వాల

"అవ్వా, గట్టిగ పట్టుకో. పండ్లు ఊడిపడితె నా జిమ్మేదారి కాదు" అన్నాడు జీపు నడుపుతున్న గుర్వయ్య.

"ఊడనీకె ఇంకేం మిగిలినయిరా? నువ్వు తొవ్వ చూస్కో" అంది అండాలు.

బండరాళ్ల మీద జీపు ఎగిరెగిరి పడుతోంది. అండాలు ఒక చేత్తో ఇనుపకడ్డీని, రెండో చేత్తో ఒడిలోని మూటను పట్టుకుంది. కోడలు నిరోష మూట అందుకోబోతే ఆ చెయ్యి నెట్టేసింది.

"తువ్వాల పెట్టినవా అత్తమ్మా?"

"పెట్టిన."

ఇల్లు విడిచి వెళ్లి తిరిగిరాని మనిషి కోసం ఏటా గుట్ట కొసన జెండాకర్రకు తువ్వాల కడతారు. అది గాలికి ఊగినంతకాలం వాళ్ల మనసు ఇంటివైపు లాగుతుందని నమ్మకం. అండాలు కొడుకు వెంకటేశ్ కోసం ఇప్పటికి ఆరు కట్టారు.

ఆ ఇంటి మగ్గం మీద నేసే తువ్వాలల అంచుకు మూడు ఎర్రగీతలుంటాయి. కాపురానికొచ్చిన కొత్తలో నిరోష పొరపాటున నాలుగు నేసింది. అందరూ నవ్వారు. వెంకటేశ్ మాత్రం "గిది నాది" అని భుజాన వేసుకున్నాడు. పని వెతుక్కుంటూ బస్సెక్కిన రోజు కూడా అదే వేసుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ ఎండాకాలమే ఎవరిదో శవం దొరికింది, వచ్చి చూడమని పోలీసులు కబురు పెడితే అండాలు ఒక్కతే వెళ్లొచ్చింది.

"వాడు కాదు. నా కొడుకొస్తడు" అంది.

జీపు ఆగింది.

"ఇగ నడుసుడే. పైకి బండి పోదు" అన్నాడు గుర్వయ్య.

ఇద్దరూ రాళ్లు పట్టుకుని ఎక్కసాగారు. నిరోష కొంగున ముడేసుకున్న ఫోను ఒకసారి మోగి ఆగింది. అశోక్‌కుమార్. మహబూబ్‌నగర్‌లో బట్టల దుకాణం. భార్య చనిపోయింది. నిరోషను చేసుకుంటానని ఇంటికొచ్చి అడిగి రెండేళ్లయింది. ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. కాదనే చెప్పాలనుకుంది నిరోష. భర్త ఎక్కడో బతికుండగా ఎలా?

మూడోసారి కూలబడింది అండాలు. ఆయాసంతో ఛాతీ ఎగిసిపడుతోంది.

"ఈడనే కూసో అత్తమ్మా. నేను కట్టొస్త."

"వద్దు. ఈసారి నేను రావాలె." నుదుటి చెమట తుడుచుకుని అంది, "నువ్వు గూడ పోతవని భయముండె నాకు. నువ్వు పోతె ఆ ఇంట్ల ఎవల్తోని మాట్లాడాలె బిడ్డా?"

"నేనేడికి పోత? ఆయనొచ్చేదాంక నీ తాననే ఉంట."

ఆ మాటకు అండాలు ముఖం పక్కకు తిప్పుకుంది.

కొసన గాలి హోరుమంటోంది. ఆరు తువ్వాలలు ఎండకు వెలిసి, పీలికలై కొట్టుకుంటున్నాయి. అండాలు మూట విప్పి, మడిచిన తువ్వాలను తలెత్తకుండానే అందించింది.

"నువ్వే కట్టు. కట్టినంక గా అశోక్‌కుమార్‌కు ఫోన్ జెయ్యి. సరేనని చెప్పు."

నిరోష బిత్తరపోయింది. "గదేంది అత్తమ్మా? రేపో మాపో ఆయనొస్తే?"

అండాలు చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని రాతి మీద కూర్చుండిపోయింది.

చేతిలోని బట్ట ఎన్నోసార్లు ఉతికినంత మెత్తగా ఉంది. నిరోష మడత విప్పింది.

అంచున నాలుగు గీతలున్నాయి.