ఒన్నెలాలో తొలి దొంగతనం

"నువ్వు శనివారం పడవెక్కడానికి వీల్లేదు తావెట్టీ!" పెద్దాయన కుస్తా భోజనశాలలోని ఖాళీ గోడ చూపిస్తూ అరిచాడు. "దొంగల సంగతి తెలిసినవాడివి మనలో నువ్వొక్కడివే. బొమ్మ దొరికేదాకా కదలకు నాయనా."

పోయింది ఆ గోడకుండే బొమ్మ, దీవిలో బొమ్మలు గీసే వియెనో వేసింది. నూరేళ్ల తర్వాత ఒన్నెలా దీవి ఎలా ఉంటుందో అందులో ఉంది: పళ్లతోటలు, బడి, అందరూ కలిసి కూర్చునే పొడవాటి బల్ల. ఫిన్లాండు నుంచి ఈ కెనడా తీరానికొచ్చి, వానలో చెట్లు నరికి అలిసిపోయినవాళ్లు, చేపల పులుసు తాగుతూ ఆ బొమ్మ చూసే రోజు గడిపేవారు.

తావెట్టి నేరపరిశోధన కథలు రాస్తాడు. ఈ దీవిలో తలుపులకు తాళాల్లేవు, నాదీ నీదీ లేదు. నేరమే లేనిచోట కథ ఎక్కణ్ణుంచి వస్తుంది? పోయిన నెల విసుగెత్తి, సభలో లేచి "నేను వెళ్లిపోతున్నా" అనేశాడు. సభలో అన్నమాట వెనక్కి తీసుకోవడం ఒన్నెలాలో లేదు. అంత గొప్ప ఆశయాలున్నవాళ్లకి ఆ పట్టుదల కూడా ఉంటుంది మరి.

మూడు శనివారాలు పోయాయి. పడవ వచ్చినప్పుడల్లా తావెట్టి రేవులో నిలబడి, అది కనుమరుగయ్యేదాకా చూసేవాడు. పాపం, మన మూలంగా ఆగిపోయాడని జనం జాలిపడ్డారు. అతను ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగాడు. వియెనో ఇంటికైతే ఇది తొమ్మిదోసారి.

"నీ కథల్లో దొంగ ఎందుకు దొంగతనం చేస్తాడు?" కాఫీ పోస్తూ అడిగింది వియెనో.

"డబ్బుకి. ఇక్కడ డబ్బే లేదు, అదే చిక్కు."

"అన్నీ డబ్బుకేనా? నీ దొంగలకి మనసులుండవేం?"

అతను నవ్వలేదు.

"జనం తలొంచుకుని తింటున్నారు తావెట్టీ. పక్కవాణ్ణి అనుమానంగా చూస్తున్నారు. తాళాలు తెప్పిద్దామన్నాడు కుస్తా, నిన్న. ఇందుకోసమా ఇంతదూరం వచ్చాం?"

తావెట్టి కప్పు కింద పెట్టాడు. "బొమ్మ దొరికితే వచ్చే శనివారమే నేను పడవెక్కాలి."

"ఎక్కాలనుందా?"

"లేదు. ఆ మాట నోరుజారిన రోజు నుంచీ లేదు. నీ ఎదురుగా ఇలా కూర్చుని ముసలివాణ్ణయిపోవాలనుంది."

 వియెనో అతని చేతిమీద చెయ్యి వేసింది.

"నీ మంచం కింద చెమ్మ ఎక్కువ, చీకటి పడ్డాక బొమ్మ మా ఇంటికి తెచ్చెయ్యి."