వంతగాడి సీరియల్

దశరథం నోరు మూతబడి రెండేళ్లయింది.

అన్న యాదయ్యది బుర్రకథ దళం. అన్న కథ చెబుతుంటే పక్కన డక్కీ వాయిస్తూ, మధ్యలో అడ్డుపడి జనాన్ని నవ్వించే హాస్య వంతగాడు దశరథం. అన్న పోయాడు. డక్కీ అటకెక్కింది. దశరథం శంషాబాద్ కొత్త ఎయిర్‌పోర్టు దగ్గర కార్ల పార్కింగులో కాపలాకు కుదిరాడు. కార్లతో మాట్లాడే పని ఉండదని ఏరికోరి ఒప్పుకున్నాడు.

మళ్లీ కథ చెప్పరాదా అని భార్య రేణుకమ్మ అడిగితే ఒకటే జవాబు.

"నాకు కథ చెప్ప రాదు. చెప్పేటోనికి అడ్డం పడుడే వచ్చు. ఇప్పుడు ఎవనికి అడ్డం పడాలె?"

మిలిటరీలో ఉన్న కొడుకు జీవన్ సెలవుకొచ్చి ఎయిర్‌పోర్టు పక్క సాతంరాయి ఊళ్లోని తమ ఇంట్లో ఆ మౌనం చూశాడు. ఏమీ అనకుండానే రైలెక్కాడు.

నెల తిరక్కుండా కశ్మీరు కొండల నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఫోన్ అందదట, టీవీ లేదట, పొద్దుపోక పిచ్చెక్కుతోందట. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ విరగబడి నవ్విన యుద్ధకాలపు కామెడీ సీరియల్ ఆదివారం పొద్దున మళ్లీ వేస్తున్నారట. అది చూసి కథ రాసి పంపమన్నాడు. 'ఇంటికాడి ఉత్తరాలే ఈడ మాకు సినిమా బాపూ, అందరికి చదివి వినిపిస్త' అని కింద రాశాడు.

దేశాన్ని కాసే కొడుక్కి పార్కింగు కాసే తండ్రి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అనుకుని దశరథం టీవీ ముందు కూర్చున్నాడు. సీరియల్లో అన్నం మాడ్చే వంటవాడు, ఎలుకంటే హడలిపోయే మేజరు. ప్రతి భాగం చివరా సైనికులంతా చేరి ఇంటి ఉత్తరాలు చదువుకుంటారు. సరిగ్గా జోకు పడేసరికి ఇంటి నెత్తిమీద విమానం మోత. సగమే వినిపించేది. విన్న సగమే రాశాడు. అలా మూడు వారాలు నడిచింది.

నాలుగో ఆదివారం ఆ టైముకు వంటల కార్యక్రమం వచ్చింది. సీరియల్ ఆపేశారట.

అదే రాద్దామనుకున్నాడు. మర్నాడు జీవన్ ఉత్తరం అందింది. సుబేదారు సాబ్ కూడా నవ్వాడట. వంటవాడు తరవాత ఏం చేశాడో తొందరగా రాయమన్నాడు.

మంచులో కూర్చుని ఎదురుచూసే పిల్లలకు సీరియల్ లేదని రాయడానికి దశరథానికి చెయ్యి రాలేదు. డక్కీ దించి దుమ్ము దులిపాడు. రెండు దరువులు వేసి, వంటవాణ్ణి ఎలుక వెంట పరిగెత్తించాడు. ఆ పై వారం మేజరుకు తమ ఊరి దగ్గరి పహాడీ షరీఫ్ నుంచి బిర్యానీ తెప్పించాడు. యుద్ధభూమికి ఆ బిర్యానీ ఎలా చేరిందని ఏ సైనికుడూ అడగలేదు. ఇంకేం, రెచ్చిపోయాడు. రాసింది ముందు రేణుకమ్మకు వినిపించేవాడు. పార్కింగులో వినిపిస్తే డ్రైవర్లు కార్లు మరిచి నిలబడేవారు.

"కాపలాకు పెడితే దొంగనైన సూడు" అని తనను తానే వెక్కిరించుకునేవాడు. అయినా లోపల భయం పీకుతూనే ఉంది. తండ్రి అబద్ధాలను కొడుకు అందరి ముందూ చదువుతున్నాడు. బయటపడితే వాడి మొహం ఏం కావాలి?

చలికాలంలో ఆ రోజు రానే వచ్చింది. క్యాంపులో తనతో ఉండే రావిర్యాల ఊరి మల్లేశ్వర్ సెలవుకొస్తున్నాడనీ, ఆదివారం మనింట్లోనే సీరియల్ చూస్తాడనీ జీవన్ రాశాడు.

దశరథం ఆదివారం తెల్లారగానే మిద్దె ఎక్కి కేబుల్ వైరు తనే పీకేశాడు.

మల్లేశ్వర్ వచ్చాడు. చాయ్ గ్లాసు పట్టుకుని టీవీ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గీతలు తప్ప ఏమీ రాని తెరను ఎంతో శ్రద్ధగా చూడసాగాడు. దశరథం ఇక తట్టుకోలేకపోయాడు.

"వైరు నేనే పీకిన బిడ్డా. సీరియల్ ఎన్నడో ఆగింది. మీరు నవ్వింది నా ఉత్తుత్తి కతలకు. జీవన్‌కు జర చెప్పకు, పదిమందిల పోరని ఇజ్జత్ పోతది."

మల్లేశ్వర్ గ్లాసు కింద పెట్టి, నవ్వు ఆపుకుంటూ అన్నాడు.

"మా మెస్సుల టీవీల గూడ అది మూడు వారాలకే బందయింది కాకా, గా పొద్దే జీవన్ మమ్ములందర్ని కూసోబెట్టి 'ఇగ మా బాపు కత షురూ చేస్తడు, సూడుండ్రి' అన్నడు."