ఏడవని పిల్లల పోటీ

పొద్దున లేచింది మొదలు రుక్మాబాయి కొడుకు మొహానికి సఫేదా పూయడం అది మూడోసారి.

ఏడవని పిల్లలకు ఇనాం ఇస్తారని మంత్రసాని మాణిక్యమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పి నాలుగు రోజులైంది. ఆస్పత్రి నుంచి లేడీ డాక్టరు స్వయంగా వస్తుందట. మొదటి నంబరు వచ్చిన తల్లీబిడ్డలకు టాంగా సవారీ, ఆ పైన నెల్లాళ్ళు పాలూ పండ్లూ.

జహనుమాలో ఆ గల్లీ అంతా రంగులేసేవాళ్ళదే. మగవాళ్ళు నవాబుల దేవిడీల తలుపులకూ కిటికీలకూ రంగులేస్తారు. దూరదేశాల్లో లడాయి వచ్చి దుకాణాల్లో పౌడరు కనబడకుండా పోయాక, వాళ్ళ డబ్బాల్లోని తెల్లరంగు పొడి సఫేదాయే ఆడవాళ్ళకు పౌడరైంది. గులాబీ నీళ్ళు కలిపి పూస్తే అచ్చం దొరసానులే. రుక్మాబాయి మొహం నవాబుగారి తలుపు కన్నా తెల్లగా ఉంటుందని గల్లీలో పేరు.

కొడుకు అంజన్‌కు రెండేళ్ళు నిండాయి. మాట రాలేదు. ఆడడు. కూర్చోబెట్టిన చోటే కూర్చుంటాడు.

"బిడ్డను కన్నవా, మూటను కన్నవా?" అని అత్త రోజూ దెప్పుతుంది. వీడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎందులోనైనా గెలిస్తే ఆ నోరు మూతపడుతుంది.

గల్లీ మొదట్లో తల్లులు బారులు తీరారు, సున్నం కొట్టిన గోడల్లా.

ముందు సావిత్రి కొడుకు బాలనర్సింహ. వాడి మొహానికి ఏనాడూ సఫేదా అంటలేదు, పూయనిస్తేగా! డాక్టరమ్మ విమలాదేవిని చూడగానే గావుకేక పెట్టి, ఆమె తూకంకాటా ఎత్తుకొని పరుగందుకున్నాడు.

"మంచిగున్నడమ్మా. ఇంటికి తీస్కపో," అంది డాక్టరమ్మ.

"జర ఆగుండ్రి డాక్టరమ్మా! నోట్ల బెల్లం పెడ్త, ఊకుంటడు!"

"వద్దు. పో."

రుక్మాబాయి లోలోపల నవ్వుకుంది. ఆమె వంతు వచ్చింది. అంజన్ కిమ్మనలేదు. డాక్టరమ్మ వాడి పెదవి ఎత్తింది. చిగుళ్ళ మీద నీలిగీత. రాసుకుంది. చెయ్యి పైకెత్తి వదిలింది. గుడ్డపేలికలా వాలిపోయింది. అదీ రాసుకుంది.

"కడుపునొప్పి ఉంటదా?"

"రోజూ ఉంటది. నాకు గూడ ఉంటది," అంది రుక్మాబాయి. డాక్టరమ్మ కలం ఆగకుండా రాస్తుంటే ఆమె గుండె ఉప్పొంగింది.

వెనకనుంచి సావిత్రి అరిచింది. "మావోనికి గూడ కడుపునొప్పే! నిన్నటిసంది విలవిలలాడుతున్నడు! రాసుకోండ్రి!"

"చాల్ తియ్ వదినె, పొద్దుగాల్నే నాలుగు రొట్టెలు మింగిండు, నేను జూడలేదా?" అంది రుక్మాబాయి.

డాక్టరమ్మ అంజన్ బుగ్గ మీది తెలుపును గోటితో గీకింది. "ఇది రోజూ పూస్తవా?"

"రోజూ. నాకూ, పిల్లగానికీ. దుకాణం పౌడరు గిట్ల నిలువది డాక్టరమ్మా. మా ఇంటాయన దేవిడీ తలుపులకేసే అసలు సరుకు! మూతి కాడిది వీడే నాకేస్తడు, తియ్యగుంటదేమో."

కలం కాసేపు ఆగింది. తర్వాత కాగితం మీద పెద్దగా ఒకటి వేసింది.

"మొదటి నంబరు. ఇద్దరూ టాంగా ఎక్కండ్రి."

రుక్మాబాయి కాళ్ళు నేల మీద ఆనలేదు. గడపలో నోరు తెరుచుకొని నిలబడ్డ అత్తకు వినబడేలా అరిచింది. "జూసినవా అత్తా? నా కొడుకు గెల్చిండు!"

టాంగా కదిలింది. ముందు కూర్చున్న డాక్టరమ్మ పక్కనున్న మాణిక్యమ్మ వైపు వంగింది. "మస్తు మంది వచ్చిండ్రు గద, అందర్నీ ఎట్ల తోలుకొచ్చినవు?"

మాణిక్యమ్మ గొంతు తగ్గించి చెప్పింది: "మీరేమో రంగుల్ల ఉండే సీసం విషమెక్కిన పిల్లల్ని ఏరి తెమ్మంటిరి, గట్ల చెప్తే ఒక్క తల్లన్న గడప దాటునా అమ్మా, అందుకే ఇనామని చెప్పిన."