క్లైమాక్స్ కుదరని కేసు

“కోర్టు కథా? కోర్టు కథలు ఎవరు చూస్తారమ్మా ఇప్పుడు?” అన్నాడు బసవపున్నయ్య, సోఫాలో వెనక్కి వాలుతూ.

“నవ్వుకునే కథండీ. మొత్తం విన్నాక మీ ఇష్టం,” అంది వర్ణిక.

జూబ్లీ హిల్స్‌లో ఆ నిర్మాతగారి గేటు దాటడం మాటలు కాదు. “కథ చెప్పనీకి వచ్చినవా? అయితే పో అమ్మా. వేరేటోళ్లకైతే సార్ లేడు,” అని వాచ్‌మన్ పొద్దున్నే తేల్చి చెప్పాడు. బసవపున్నయ్యకు కథల పిచ్చి. ఎవరొచ్చినా వింటాడు, కాఫీ ఇప్పిస్తాడు, ‘ఆలోచిద్దాం’ అని పంపిస్తాడు. ఆ తర్వాత అదే కథ ఇంకొకరి పేరుతో తెర మీదికొస్తుందని ఫిల్మ్ నగర్‌లో టీ కొట్టువాడిక్కూడా తెలుసు. అయినా చెప్పేవాళ్లు వస్తూనే ఉంటారు, ఆశ అలాంటిది. వర్ణికకూ ఇదంతా తెలుసు. ఇవాళ ఆయన సగంలో లేచి వెళ్లిపోతే తనను మళ్లీ ఈ గుమ్మం ఎక్కనివ్వరని కూడా తెలుసు.

“సరే, లైను చెప్పు.”

“ఓ పెద్దమనిషి ఓ ముసలాయన సొత్తు కాజేస్తాడండీ. ముసలాయన కోర్టుకెక్కుతాడు.”

“ఏం సొత్తు? స్థలమా?”

“అది సెకండాఫ్‌లో చెప్తానండీ.”

“సస్పెన్సా! కానీ, కానీ.” ఆయన పక్కనే ఉన్న మేనేజర్ సాయిశ్రీనివాస్‌కి కన్ను గీటాడు. సాయిశ్రీనివాస్ ఫోనులో ఏదో నొక్కి టేబుల్ మీద బోర్లా పెట్టాడు. కథ రికార్డవుతోందన్నమాట. వర్ణిక చూసింది, చూడనట్టే ఊరుకుంది.

“కేసు ముందు సివిల్ కోర్టులో వేస్తాడండీ. అది వాయిదాకి వచ్చేలోగా సంస్కరణ వస్తుంది. ఇలాంటి తగాదాలు త్వరగా తేల్చాలని ప్రత్యేక కోర్టు పెడతారు. ఫైలు అక్కడికి వెళ్తుంది. అక్కడ బోర్డు ఉంటుంది, జడ్జిగారుండరు.”

బసవపున్నయ్య పకపకా నవ్వాడు. “తర్వాత?”

“జడ్జిగారొస్తారు, స్టెనో ఉండడు. స్టెనో వచ్చేసరికి జడ్జిగారికి బదిలీ. ఇంతలో కోర్టుల పరిధులు మారుస్తారు. ఫైలు ఇంకో కోర్టుకి పోతుంది. కాగితాల కాలం పోయింది, అంతా కంప్యూటర్లోకి ఎక్కించాలంటారు వాళ్లు. ఫైలుని స్కానింగ్‌కి పంపుతారు.”

“ఫైలుకి స్కానింగా! ఏం జబ్బు?” అన్నాడు సాయిశ్రీనివాస్.

“ముసలితనమండీ.”

ఈసారి ఇద్దరూ నవ్వారు.

“సంస్కరణ వచ్చినప్పుడల్లా రిబ్బను కత్తిరిస్తారు, దీపం వెలిగిస్తారు. పేపర్లో ఆ ఫొటో చూసి ముసలాయన ఇంట్లో పాయసం చేయిస్తాడు. మర్నాడు వెళ్తే, ఇది కొత్త కోర్టు కదా, మళ్లీ సమన్ల దగ్గర్నుంచి మొదలంటారు.”

“అబ్బ, పాయసం సీను అదిరిందమ్మా! మరి విలన్ ఏం చేస్తుంటాడు?”

“ఒక్కసారి కూడా కోర్టు మెట్లెక్కడండీ. సమన్లు అందుకుంటేగా.”

“ఎందుకు అందుకుంటాడు? సమన్లు పట్టుకుని కోర్టు అమీనా వస్తే ఊళ్లో లేరనిపిస్తాడు. రిజిస్టర్ పోస్టొస్తే తిప్పి పంపిస్తాడు. మనకు తెలీనిదా!” తొడ చరిచాడు బసవపున్నయ్య. “అసలు వాణ్ని విలన్ అనకమ్మా, తెలివైనవాడు. ఆ పాత్ర నాకు తెగ నచ్చింది.”

“ఇప్పుడు ఫోనుకి కూడా పంపుతున్నారండీ. కొత్త పద్ధతి.”

“బ్లాక్ చేస్తాడు.”

“అదే చేశాడండీ.” వర్ణిక గ్లాసందుకుని రెండు గుక్కల నీళ్లు తాగింది. “ముసలాయనకి చూపు మందగిస్తుంది. గెలవాలని కూడా ఉండదు ఇక. బతికుండగా ఒక్కసారి ఆ పెద్దమనిషి కోర్టులో తన ఎదురుగా నిలబడాలి, ‘అది నీదేనా?’ అని తను అడగాలి. అంతే ఆయన కోరిక.”

బసవపున్నయ్యకు నిజంగానే కళ్లు చెమర్చాయి. కథ విని ఏడవడంలో ఆయనకు ఆయనే సాటి, ఆయన ఏడ్చిన కథల్లో ఆడనిది లేదు.

“తర్వాత?” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

“ఈ వాయిదాకి కూడా విలన్‌కి సమన్లు అందకపోతే కేసు కొట్టేస్తామంటుంది కోర్టు. అక్కడే ఆగిపోయానండీ. క్లైమాక్స్ కుదరట్లేదు.”

“కుదరకపోవడమేంటి? కొట్టేయాల్సిందే! ముసలాయన పాయసం గిన్నె ముందు కూలబడతాడు. అవార్డు ఖాయం.”

“ఆయన్ని గెలిపించాలని ఉందండీ.”

“జనం ఒప్పుకోరమ్మా. పెద్దమనిషి మీద మామూలు మనిషి కోర్టులో గెలిచాడంటే లాజిక్ ఎక్కడుంది?” బసవపున్నయ్య వాచీ చూసుకుని లేచాడు. “బాగుంది. ఆలోచిద్దాం.”

సాయిశ్రీనివాస్ ఫోను తీసి రికార్డింగ్ ఆపాడు. వర్ణిక కూడా లేచి సంచిలోంచి ఓ కాగితాల కట్ట తీసింది. పూర్తి స్క్రిప్టే దొరుకుతోందని బసవపున్నయ్య మొహం వెలిగిపోయింది. చెయ్యి చాచి ఆత్రంగా అందుకున్నాడు.

“అన్నట్టు, ఆ ముసలాయన సొత్తేంటో చెప్పనే లేదు?”

“మా నాన్న రాసిన కథండీ, ఇవి కోర్టు నాచేత మీకు పంపిన సమన్లు.”